ఎగిరేది ఎవరి పేరు మీద?

గత రంజాన్ మాసంలో ఒక రాత్రి, పుంగనూరులో తరావీహ్ నమాజు ముగించుకొని మేము బయటకు వస్తుండగా ఇద్దరు అన్నదమ్ములు చెప్పుల దగ్గర మా కోసం నిలబడి ఉన్నారు. పెద్దవాని చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు. "చాచా, మేము చేసిన పనికి పైకం రాలేదు. అడిగితే మీరెవరంటున్నాడు" అన్నాడు.

వారికి మందు పిచికారీ చేసే డ్రోన్ ఒకటి ఉంది. పది లీటర్ల ట్యాంకు. ఒక సీజనంతా పుంగనూరు, చౌడేపల్లె, సోమల మండలాల్లో టమాటా తోటల మీద, మామిడి తోటల మీద పని చేశారు. పని ఇప్పించినవాడు మధ్యలో ఒక కాంట్రాక్టరు. రైతుల దగ్గర ఎకరానికి ఇంతని వసూలు చేసినవాడు అతడే. అన్నదమ్ములకు రావలసినది లక్షా ఎనభై వేలు. మొదట రేపు రమ్మన్నాడు, తర్వాత ఫోను ఎత్తలేదు. చివరకు ఎత్తి, "మీ ఫర్మ్ పేరేమిటి? బిల్లు ఏది? ఎవరి ఖాతాలో వేయమంటారు?" అన్నాడట.

సంచిలోని కాగితాలు చూచాము. డ్రోన్ కొన్న బిల్లు కువైట్‌లో పనిచేసే బావ పేరు మీద ఉంది. రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తమ్ముడి పేరు మీద ఉంది. బ్యాటరీలు, జనరేటరు అన్న కొన్నాడు. వాటికి బిల్లులే లేవు. మొదటి పెట్టుబడి మాత్రం అక్కగారి బంగారం అమ్మితే వచ్చినది, దానికి ఏ కాగితమూ లేదు. కాంట్రాక్టరుతో జరిగిన మాటలన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి.

ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు మోసిన అలవాటు వల్ల మేము డబ్బు సంగతి పక్కన పెట్టి వేరే ప్రశ్న అడిగాము: "ఈ డ్రోన్ ఎవరిది?" అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. "మా ఇంట్లోదే చాచా" అన్నాడు తమ్ముడు.

మన కుటుంబాలు చాలావరకు ఈ జవాబు దగ్గరే ఆగిపోతున్నాయి. హిందూ ధర్మశాస్త్రంలో ఉమ్మడి కుటుంబం అనే వ్యవస్థ ఉంది, ఆదాయపు పన్ను చట్టం కూడా దానిని గుర్తించింది. ముస్లిం వ్యక్తిగత చట్టంలో అటువంటి ఉమ్మడి ఆస్తి భావన లేదు. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, కలిసి సంపాదించినా, ఎవరి పేరు మీద ఉన్నది వారిదే. కాదనేవాడు సాక్ష్యం తెచ్చుకోవాలి. రేపు ఆ బావకు పరాయి దేశంలో ఏమైనా జరిగితే, అల్లాహ్ కాపాడుగాక, ఆ డ్రోన్ అతని తర్కాలో చేరుతుంది. అతని తల్లిదండ్రులకు, భార్యకు, పిల్లలకు షరీఅత్ నిర్ణయించిన వాటాలు వస్తాయి. ఎండలో నిలబడి నడిపిన బామ్మర్దులకు అందులో ఏమీ ఉండదు. బావకు దురుద్దేశం లేదు, అతని తల్లిదండ్రులకూ లేదు. కాగితం చెప్పేదే అలా ఉంది.

ఇది ఒక ఇంటి కథ అయితే సంపాదకీయం వ్రాయవలసిన పని లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మన యువకులు ఈ వృత్తిలోకి గుంపుగా దిగుతున్నారు. ఫోటో స్టూడియో నడిపిన తండ్రి కొడుకు పెళ్ళిళ్ళకు డ్రోన్ ఎగరవేస్తున్నాడు. మెకానిక్ కొడుకు మందు పిచికారీకి వెళుతున్నాడు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల కొలతలకు, లేఅవుట్ల చిత్రీకరణకు పిలుపులు వస్తున్నాయి. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలలో జీతపు ఉద్యోగుల కంటే సొంత పని చేసుకొని బ్రతికేవారి నిష్పత్తి ఎక్కువని, బ్యాంకు రుణం అందేది మాత్రం తక్కువని చెప్పింది. పంక్చరు అంగడి పోయి డ్రోన్ వచ్చింది. పేరు లేకుండా పనిచేయడం మాత్రం పోలేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సదస్సు జరిపింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు వద్ద 300 ఎకరాల్లో డ్రోన్ నగరం నిర్మిస్తామన్నది. మంచిదే. అవి తయారీ కంపెనీల కోసం. ఒక్క డ్రోన్, రెండు జతల బ్యాటరీలు, ఒక మోటారుసైకిలు ఉన్నవాడికి దారి ఏమిటో ఎవరూ చెప్పడం లేదు గనుక మాకు తెలిసినంత మేము చెబుతాము.

ముందు ఎగరవేయడానికి అర్హత. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలే ఆధారం. ప్రతి డ్రోన్‌ను నమోదు చేసి విశిష్ట గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. రుసుము 100 రూపాయలే. 250 గ్రాముల వరకు నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. మైక్రో అయితే డబ్బు తీసుకోకుండా సరదాకు ఎగరవేసేవారికే ఆ మినహాయింపు. పెళ్ళికి పైకం తీసుకుంటే సర్టిఫికెట్ కావాలి. 18 నుండి 65 ఏళ్ళ వయసు, పదవ తరగతి ఉత్తీర్ణత, గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో శిక్షణ ఉంటే సర్టిఫికెట్ వస్తుంది, పదేళ్ళు చెల్లుతుంది. 2023 సవరణతో పాస్‌పోర్టు నిబంధన తీసివేశారు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి చాలు. నిబంధన అతిక్రమిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా.

ఇక్కడ ఒక చేదు విషయం చెప్పక తప్పదు. మన ఇళ్ళలో చాలా డ్రోన్లు గల్ఫ్ నుండి సెలవుకు వచ్చిన అన్నల పెట్టెల్లో దిగినవే. 2022 ఫిబ్రవరి 9 నుండి విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు, విడిభాగాలకు ఆంక్ష లేదు. దుబాయ్ దుకాణంలో ప్రేమతో కొన్న కానుకే అయినా, విమానాశ్రయంలో కస్టమ్స్ వారు పట్టుకుంటే పోతుంది. పట్టుకోకుండా ఇల్లు చేరితే నమోదు కాదు. నమోదు కానిదాని మీద వ్యాపారం కట్టడం ఇసుక మీద గోడ కట్టడమే. మా మాట కఠినంగా ఉండవచ్చు గానీ, అన్నా, మరొకటి తేవద్దు.

మన పిల్లల విషయంలో దీనికి మరో ముఖం కూడా ఉంది. ఊరి మీద డ్రోన్ ఎగిరితే ఎవరిదని అడుగుతారు. ఎగరవేసినవాడి పేరు విన్న తర్వాత ప్రశ్నలు పెరిగిన సందర్భాలు మేము చూచాము. ఫిర్యాదు చేయవలసిన చోట చేద్దాము. అంతవరకు ఆ అబ్బాయి జేబులో నమోదు కాగితం, పైలట్ సర్టిఫికెట్, బీమా, ఫర్మ్ పేరున్న పని ఉత్తర్వు ఉంటే ఆ సంభాషణ అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. లేకపోతే పెళ్ళి అయిపోయేదాకా స్టేషనులోనే. కుప్పంలో పనిచేసేవారు మరికొంత జాగ్రత్త పడాలి. అది 1989 నుండి చంద్రబాబు నాయుడు గారు ప్రాతినిధ్యం వహిస్తున్న నియోజకవర్గం. ప్రముఖుల పర్యటనల వేళ ఎస్పీ స్థాయి అధికారి ఏ ప్రాంతాన్నైనా 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. నిన్న ఆకుపచ్చగా ఉన్న పటం నేడు ఎరుపు కావచ్చు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అడగనక్కరలేదు నిజమే. పటం మాత్రం ఎగరవేసే రోజు ఉదయమే చూడాలి. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అభయారణ్యం వైపు ఏనుగుల వీడియో తీద్దామనుకునేవారు అటవీశాఖ అనుమతి లేకుండా ఆ ఊహ పెట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి, వ్యాపారానికి చట్టబద్ధమైన రూపం. మదనపల్లెలో ఒక ఏజెంటు ఒక యువకుడికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయే పెట్టాలని నచ్చజెప్పి ఇరవై వేలు తీసుకున్నాడు. ఒక డ్రోన్ ఉన్నవాడికి కంపెనీ భారం. ప్రతి ఏడాదీ లెక్కలు, వార్షిక నివేదిక దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున పెరుగుతూ పోతుంది. పని ఉన్నా లేకపోయినా ఆ గడియారం ఆగదు.

ఒంటరిగా చేసేవాడికి సొంత యాజమాన్యమే సరిపోతుంది. దానికి ప్రత్యేక చట్టం లేదు, మీరే ఫర్మ్, ఫర్మే మీరు. ఒక పేరు పెట్టుకొని ఉద్యమ్ నమోదు చేయించాలి. అది ఆధార్, పాన్‌లతో ఇంటర్నెట్‌లో ఉచితంగా జరుగుతుంది. ఏజెంటుకు ఇచ్చే రెండు వేలు, మూడు వేలు వాని కష్టానికే, ప్రభుత్వానికి కాదు. దానితో పాటు మునిసిపాలిటీ లైసెన్సో, కార్మికశాఖ దుకాణాల చట్టం కింద నమోదో ఒకటి ఉంటే, ఆ రెండు పత్రాలతో బ్యాంకులో ఫర్మ్ పేరుతో కరెంటు ఖాతా తెరవవచ్చు. "ఎవరి ఖాతాలో వేయమంటారు" అన్న ప్రశ్నకు అదే జవాబు.

ఉద్యమ్ వల్ల మరో మేలు ఉంది, అది ఎక్కువమందికి తెలియదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుండి సరుకు గాని సేవ గాని పొందినవాడు ఒప్పుకున్న గడువులో, ఎంత ఎక్కువైనా 45 రోజుల లోపల, పైకం చెల్లించాలి. లేకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదు వినడానికి ప్రత్యేక మండలి ఉంది, ఇంటర్నెట్‌లో దరఖాస్తు చేయవచ్చు. వడ్డీ మనకు వద్దు, అది వేరే సంగతి. అసలు రాబట్టుకోవడానికి ఆ తలుపు తట్టవచ్చు. పని మొదలు పెట్టక ముందే నమోదు ఉండాలి. పోట్లాట వచ్చాక చేయించుకున్న నమోదు పాత బాకీని మోయదు.

ఇద్దరు ముగ్గురు కలిసి చేసేటప్పుడు భాగస్వామ్యం. ఇది 1932 నాటి చట్టం. నోటిమాటతో కూడా భాగస్వామ్యం ఏర్పడుతుంది, పుంగనూరు అన్నదమ్ములు తెలియకుండానే భాగస్వాములు. చిక్కు ఎక్కడంటే, నమోదు కాని ఫర్మ్ తన బాకీ కోసం బయటివాడి మీద దావా వేయలేదు. చట్టం అనుమతించిన మినహాయింపు 100 రూపాయల లోపు బాకీలకు. 1932లో అది పెద్ద మొత్తమే అయి ఉంటుంది. అయితే దావా వేసేనాటికి ఫర్మ్ నమోదై ఉంటే చాలు, పని జరిగిన నాటికే ఉండనక్కరలేదు. మూడేళ్ళ కాలపరిమితి దాటకూడదు. ఈ మాట చెప్పినప్పుడు ఆ రాత్రి తమ్ముడి ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు చూచాము.

ఒప్పంద పత్రం అంటే స్టాంపు కాగితం మీద నాలుగు వాక్యాలు కావు. ఎవరు ఎంత పెట్టారు, డ్రోన్ ఫర్మ్ ఆస్తియా లేక ఒకరి సొంతమై ఫర్మ్‌కు అద్దెకు ఇచ్చినదా, లాభం ఏ లెక్కన, పైలట్‌గా నిలబడేవానికి లాభానికి మించి రోజు కూలి ఉన్నదా, డ్రోన్ కూలితే నష్టం ఎవరిది, ఒకరు గల్ఫ్ వెళ్ళిపోతే ఏమవుతుంది, ఒకరు చనిపోతే వారసులకు ఎంత, ఎన్ని నెలల్లో: ఇవన్నీ ప్రేమగా ఉన్న రోజునే వ్రాసుకోవాలి. మరణం సంగతి వ్రాయడం అశుభమని మన పెద్దలు కొందరు సంకోచిస్తారు. దివ్యఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. బఖరా సూరాలోని 282వ ఆయతు, బాకీ వ్యవహారాన్ని సాక్షులతో వ్రాసుకోవడం గురించి.

అక్కగారి బంగారం మాటేమిటి? ఆ సంగతి మేము అడిగినప్పుడు "అక్క మనదే కదా" అన్నారు. అక్క మనదే, బంగారం మాత్రం అక్కదే. మహర్ గాని, పుట్టింటివారు పెట్టినది గాని స్త్రీ సొంత ఆస్తి. భర్తకు గాని తోబుట్టువులకు గాని దాని మీద హక్కు లేదు. ఆమెను భాగస్వామిగా చేర్చవచ్చు. కాని మామూలు భాగస్వామ్యంలో ఫర్మ్ అప్పులకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో సహా బాధ్యుడు. ముదారబాలో పెట్టుబడి పెట్టినవారి నష్టం పెట్టిన సొమ్ముతో ఆగుతుందని మనలో మనం వ్రాసుకున్నా, బయటి బాకీదారుకు ఆ మాట పట్టదు. ఎన్నడూ పొలం గట్టున నిలబడని ఆడమనిషి ఇంటిని ఆ ప్రమాదంలో పెట్టడం న్యాయం కాదు. పెట్టుబడి పెద్దదై, పెట్టేవారు పనిచేసేవారు వేరైనప్పుడు 2008 చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్యం ఆలోచించవచ్చు, ఏటా దాఖలు చేయవలసినవి ఉంటాయని తెలిసే. చిన్న మొత్తమైతే ఖర్జె హసనాగా తీసుకొని ప్రోనోటు వ్రాసి ఇవ్వడం మేలు. ప్రోనోటుకు మూడేళ్ళే ఆయుష్షు; గడువు లోపల కొంత చెల్లించి వెనుక వ్రాయించడమో, కొత్తది వ్రాసి ఇవ్వడమో చేయాలి. అక్క అడగదు కాబట్టి తమ్ముళ్ళే గుర్తుంచుకోవాలి.

కంపెనీ పెడితే ప్రమాదం జరిగినా మనకేమీ కాదని ఆ ఏజెంటు చెప్పాడట. ఇది సగం నిజం, సగం కన్నా ప్రమాదకరం. కంపెనీ అప్పుల నుండి కాపాడుతుంది. డ్రోన్‌ను నిర్లక్ష్యంగా నడిపి పెళ్ళిలో ఒక బిడ్డ తల మీద పడవేస్తే, నడిపినవాడి బాధ్యత ఏ కంపెనీ బోర్డు వెనుకా దాగదు. అక్కడ ఆదుకునేది మూడవ పక్ష బీమా. నానో తప్ప మిగతా డ్రోన్లకు అది తప్పనిసరి. మోటారు వాహనాల చట్టంలోని నియమాలే దీనికీ వర్తిస్తాయి. బీమా విషయంలో ధార్మిక సందేహం ఉన్నవారు మనలో ఉన్నారు. వారు కూడా మోటారుసైకిలుకు కట్టే థర్డ్ పార్టీ బీమా లాంటిదే ఇది: చట్టం కట్టమన్నది, ఎదుటివాడి ప్రాణానికి సంబంధించినది. ఫర్మ్‌కు బోర్డు వ్రాయించే ముందు బీమా చేయించండి.

పన్నుల సంగతి భయపెట్టేంత లేదు. సేవల మీద ఏడాదికి 20 లక్షల రాబడి దాటేవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. కుప్పం వారు ఇక్కడ తరచూ తడబడుతుంటారు. ఒక పెళ్ళి బంగారుపేటలో, మరొకటి కృష్ణగిరిలో, మూడవది వాణియంబాడిలో. రాష్ట్రం దాటితే మొదటి రూపాయి నుండే నమోదు కావాలని కొందరు చెబుతారు. సరుకులు అమ్మేవారి నియమం వేరు. సేవలు చేసేవారికి 2017 అక్టోబరులోనే మినహాయింపు ఇచ్చారు, ఆ 20 లక్షల లోపు రాష్ట్రాల మధ్య పనికి కూడా. పెద్ద సంస్థ పని ఇస్తే పైకంలో కొంత పన్ను పట్టుకొని ఇస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పట్టుకుంటారు. అది పోయిన సొమ్ము కాదు, రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. రిటర్ను వేయని కుర్రవాళ్ళు ఎంతమంది తమ సొమ్మును అక్కడే వదిలేస్తున్నారో!

పెట్టుబడి విషయంలో ఒక్క మాట. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం నియమాలలో మైనారిటీలు ప్రత్యేక వర్గం కింద వస్తారు; సొంత వాటా 5 శాతం, సబ్సిడీ పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. మిగిలినది బ్యాంకు రుణం, దానికి వడ్డీ ఉంటుంది. తీసుకోవాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వారు తేల్చుకోవలసినదే, మేము ఫత్వా ఇవ్వము. వ్యవసాయ యంత్రాల అద్దె కేంద్రం పెట్టే గ్రామీణ యువకులకు డ్రోన్ ధరలో 40 శాతం, 4 లక్షలు మించకుండా, కేంద్ర సహాయం ఉంది. వ్యవసాయ పట్టభద్రులకు 50 శాతం, 5 లక్షల దాకా. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని మండల వ్యవసాయాధికారిని అడగండి. ఏ కిటికీ దగ్గరకు వెళ్ళినా మొదట అడిగేది ఫర్మ్ పేరు, ఖాతా, నమోదు. స్వయం సహాయక సంఘాల మహిళలకు డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకంలో ధరలో 80 శాతం, 8 లక్షల దాకా సహాయం అన్నారు. మన వీధుల్లోని సంఘాల్లో ఈ కబురు చేరినవి ఎన్ని? మసీదు కమిటీలు వేసవిలో మజ్జిగ పందిళ్ళతో పాటు ఉద్యమ్ నమోదు చేయించే ఒక బల్ల కూడా వేయిస్తే ఖర్చేమీ లేదు. ఒక ల్యాప్‌టాప్, తెలిసిన ఒక కుర్రవాడు చాలు.

పుంగనూరు అన్నదమ్ముల సంగతి ముగించాలి. రంజాన్ పండుగ తర్వాత బావగారు సెలవుకు వచ్చారు. డ్రోన్‌ను ఫర్మ్‌కు బదిలీ చేయడానికి సంతోషంగా ఒప్పుకున్నారు. గుర్తింపు సంఖ్య బదిలీ చేయించాము. అన్నదమ్ములిద్దరూ భాగస్వాములుగా పత్రం వ్రాసుకొని నమోదు చేయించారు. అక్కగారికి ఆమె బంగారం అమ్మిన నాటి మొత్తానికి ప్రోనోటు వ్రాసి ఇచ్చారు. ఆమె మొదట తీసుకోనన్నది. వాళ్ళ అమ్మ చెప్పిన తర్వాత తీసుకొని ఖుర్‌ఆన్ పెట్టే అలమరాలోనే దాచింది. పాత బాకీ మీద వాట్సాప్ మాటలన్నీ ముద్రించి, తేదీల వారీగా ఎకరాల లెక్క జతచేసి, వకీలు ద్వారా కాంట్రాక్టరుకు నోటీసు పంపించారు. నోటీసు అందిన తొమ్మిదవ రోజున అతడే ఫోను చేసి, "ఇంత దూరం ఎందుకు తమ్ముడూ" అని సగం మొత్తం ఫర్మ్ ఖాతాలో వేశాడు. మిగతా సగం మామిడి కాపు అయ్యాక ఇస్తానన్నాడు. ఆ మాట వ్రాసి సంతకం చేసి ఇమ్మని అడిగారు.